ఏడు నిమిషాల అలక

ఇన్‌స్పెక్టర్ కాగితాన్ని బల్ల మీద పెట్టి దాని మీద వేలు ఆనించాడు.

"చదవండి మేడమ్. మీది రాతకోతల ఉద్యోగమని విన్నాను."

టైమ్‌టేబులమ్మ కళ్ళజోడు సర్దుకుని చదివింది. రెండే వాక్యాలు. 'అలుగు పని అయిపోయింది. సంచి నువ్వొచ్చి పట్టుకుపో.' నిన్న సాయంత్రం ఆరూ పదికి అలుగు కీపరు తన బావమరిదికి ఫోన్లో పంపిన సందేశం అది.

రైల్వేలో ఇరవై రెండేళ్ళు రైళ్ళ వేళలు రాసి, ఆ తర్వాత డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. ఇవాళ పొద్దున ఏడింటికి ఆమెకు ఫోన్ చేసి ఏడ్చింది ఈ కీపరు కూతురే. జంతుప్రదర్శనశాలలో అలుగు జంతువుల కోసం కొత్తగా కట్టిన పిల్లల హాలును డిజైన్ చేసింది కూడా ఆ అమ్మాయే. రేపు పదింటికి దాని ప్రారంభం. ఇవాళ తెల్లారేసరికి, అందరూ చూడాల్సిన ఆ ఒక్క అలుగు గదిలో లేదు.

"నిన్న అలుగు పని అయిపోయిందన్నాడు, ఇవాళ అలుగు లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఇంతకంటే తేట తెలుగు ఏముంటుంది? పది కొట్టగానే జీపెక్కిస్తాను."

గోడ గడియారం ఎనిమిదీ నలభై చూపిస్తోంది.

మూలన స్టూలు మీద కూర్చున్న కీపరు తల ఎత్తాడు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు. అరచేతులు ఎండిన నేలలా పగుళ్ళు తేలి ఉన్నాయి.

"అమ్మా, అది చెరువు అలుగు సంగతి. నేను పొద్దుట్నుంచీ చెప్తూనే ఉన్నా."

"మళ్ళీ మొదలు."

"ఇన్‌స్పెక్టర్ గారూ, మీరు చెరువు పక్కన పెరిగినట్టు లేరు," అంది టైమ్‌టేబులమ్మ.

"కొళాయి నీళ్ళ మనిషిని."

"చెరువు నిండితే ఎక్కువ నీళ్ళు పొర్లిపోవడానికి గట్టు మీద ఒకచోట తక్కువ ఎత్తులో రాతికట్టు కడతారు. దాన్నీ అలుగే అంటారు. ఈయన బావమరిది ఏం పని చేస్తాడు?"

"తాపీ మేస్త్రీ అమ్మా," అన్నాడు కీపరు. "బాతుల చెరువు అలుగుకి బీటలున్నాయి, ప్రారంభానికి ముందే సిమెంటు పొయ్యాలని సూపరింటెండెంట్ గారు తొందర పెట్టారు. నిన్న పోశారు. మిగిలిన సిమెంటు సంచి నా గదిలో పెట్టి వెళ్ళాడు. అదే పట్టుకుపొమ్మన్నా."

కిటికీ దగ్గర నిలబడ్డ సూపరింటెండెంట్ మెడ కదిపాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో ఫైలు. జంతువుల వాసన పడదని ఆయన ఆఫీసు దాటి లోపలికి రాడని అందరూ చెప్పుకుంటారు. "పని చేయించిన మాట నిజమే. సంచుల సంగతి నాకేం తెలుసు?"

"చూశారా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "రెండు అలుగులున్న చోట దొంగ తనకి పనికొచ్చే అలుగునే చూపిస్తాడు."

"పోలీసూ అంతే కదండీ," అంది ఆమె నోట్‌బుక్కు తెరుస్తూ. "వేళలు చెప్పండి."

చెప్పారు. అయిదున్నరకి రాత్రి కాపలాదారు గది కన్నంలోంచి చూసినప్పుడు అలుగు మేత తింటోంది. ఆరూ ఇరవైకి కీపరు వచ్చేసరికి గడియ తీసి ఉంది, అలుగు లేదు. ఆరూ పాతికకి ఈల ఊదాడు. ఆరున్నరకి గేటు మూశారు. ఈలోగా ఒక్క బండి కూడా బయటికి పోలేదు. ఆ గది తాళంచెవులు రెండు. ఒకటి కీపరు మొలతాడుకి, ఒకటి ఆఫీసు బీరువాలో.

"లోపలున్న బళ్ళు వెతికారా?"

"అన్నీ. సూపరింటెండెంట్ గారే లిస్టు పట్టుకుని దగ్గరుండి వెతికించారు."

ఆమె ఆ మాట రాసుకుంది. కింద ఒక గీత గీసింది.

---

హాల్లోకి ఆమె వెంట కీపరు కూతురు ఒక్కతే వచ్చింది. రాత్రంతా అంటుకున్న రంగు గోళ్ళలో అలాగే ఉంది.

అలుగు అంటే ఒళ్ళంతా పొలుసులుండే జంతువు. పళ్ళుండవు, అరుపు ఉండదు. ఎవరైనా ముట్టుకుంటే తలని తోకలో దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది. అదే దాని రక్షణ, అదే దాని శాపం. పులి నోటికి లొంగని ఆ బంతిని మనిషి తీరిగ్గా ఎత్తి సంచిలో వేసుకుంటాడు. అందుకే ఎన్నో ఉన్నవి కొన్నయ్యాయి. ఆ కథంతా ఆ అమ్మాయి గోడల మీద బారెడు అక్షరాలతో రాయలేదు. పిల్లల చేతులకి అందే ఎత్తులో తలుపులు పెట్టింది. ఒకటి ఎత్తితే నాలుక, మూరెడు రబ్బరు పట్టీ. ఇంకోటి ఎత్తితే పొలుసు, పక్కనే మన గోరు, రెండూ ఒకే పదార్థం. హాలు మధ్యలో పిల్లలు పాకడానికి చెదపుట్ట, దాని లోపల మలుపులు తిరిగే సొరంగం. పుట్టలో చప్పుళ్ళు వినడానికి గోడలోంచి బయటికి వచ్చిన చెవి గొట్టం.

టైమ్‌టేబులమ్మ అన్నీ చూసి, చివర దిమ్మ మీద గుడ్డ కప్పిన గుండ్రటి వస్తువు దగ్గర ఆగింది.

"ఇది?"

"బొమ్మ అలుగండీ. రేపు తీస్తాం."

ఆమె గుడ్డ ఎత్తింది. బోర్లించిన ప్లాస్టిక్ బకెట్.

అమ్మాయి మొహం పాలిపోయింది.

"బకెట్టుకి ప్రారంభోత్సవమా తల్లీ?" అంది టైమ్‌టేబులమ్మ. గొంతులో కోపం లేదు. "కూర్చో. మొదట్నుంచీ చెప్పు. నాకు తొందర లేదు గానీ మీ నాన్నకి ఉంది."

అమ్మాయి దిమ్మ అంచున కూర్చుంది. కాసేపు గోళ్ళలో రంగు గిల్లుకుంది.

"పొలుసుల రంగు సరిపోయిందో లేదో ఎర్ర లైటులో, అసలుదాని పక్కన పెట్టి చూడాలనిపించింది. జంతువు గదిలో బయటి వస్తువు పెట్టకూడదు, రూలు. నాన్నని బతిమాలాను. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన తప్పిన రూలు అదొక్కటే, అదీ నాకోసం. నిన్న సాయంత్రం బొమ్మని ముందు గదిలో పెట్టి, అలుగు లోపలి బొరియలో పడుకుని ఉంటే లేచేదాకా ఆగుదామనుకున్నా. ఇంతలో సొరంగం దీపం కాలిపోయిందని పిలిచారు. ఆ పనిలో పడి మర్చిపోయా."

"పొద్దున బొమ్మ కూడా లేదు."

"లేదు. చెప్తే నాన్న రూలు తప్పాడని అదొకటి రాస్తారు. అందుకని బకెట్టు..."

"బొమ్మ బరువెంత?"

"పదకొండు కిలోలు. అసలు దాని బరువే. పొట్ట కింద వెచ్చగా ఉండేలా తీగలు పెట్టాను. పిల్లలు ఎత్తి చూస్తారు కదా, చల్లగా తగిలితే బొమ్మేలే అనుకుంటారు. ముట్టుకున్నా, కదిపినా, పక్కన ఎవరైనా గెంతినా చుట్టుకుపోతుంది. ఏడు నిమిషాలు ఏ అదురూ లేకపోతే మెల్లగా విప్పుకుని మాట్లాడుతుంది. ఒక్కసారే. మళ్ళీ కదిపితే మళ్ళీ ఏడు నిమిషాలు."

"ఏమంటుంది?"

"'అలక తీరింది, ఇప్పుడు మెల్లగా చూడండి' అంటుంది. గొంతు మా అన్నయ్య కూతురిది. అలుగుకి అలగడం వచ్చు కదా అని దానికి తాత చెప్పిన జోకు, అక్కణ్ణుంచి పుట్టింది." అమ్మాయి నవ్వబోయి ఆగింది. "ఏడు నిమిషాలు ఏ పిల్లాడు ఆగుతాడు, ఏడు సెకన్లు చెయ్యి అని సూపరింటెండెంట్ గారు ఫైలు మీద రాశారు. నేను చెయ్యలేదు. ముట్టుకోవడం పిల్లలకి నేర్పక్కర్లేదండీ, వాళ్ళకి వచ్చు. ముట్టుకోకుండా ఆగడమే రాదు. నాకూ రాలేదు, చూడండి, రంగు కోసం తీసుకెళ్ళి పెట్టాను."

టైమ్‌టేబులమ్మ ఆ అమ్మాయిని ఒక క్షణం చూసింది. తర్వాత చూపు పైకి తిప్పింది. పుట్ట ముఖద్వారం మీద చిన్న పలక వెలుగుతోంది. 'పుట్టలో ఇప్పుడు ఎందరు?' దాని కింద ఒక అంకె. 1.

"ఎవరున్నారు లోపల?"

"ఎవరూ లేరు. చెడిపోయింది. పది కిలోలు దాటిన బరువు ద్వారం దగ్గరి పలక మీద పడితే ఒకటి పెరుగుతుంది, బయటికొస్తే తగ్గుతుంది. లోపల పిల్లలెవరైనా ఉండిపోతే తెలియాలని పెట్టాను. ఇందాక కానిస్టేబులు టార్చి వేసి చూశాడు."

"ఎంతదాకా?"

"మొదటి మలుపు దాకా. పెద్దవాళ్ళు పట్టరు."

"ఎన్నింటికి పెరిగిందో రాసుకుంటుందా నీ పలక?"

అమ్మాయి లాప్‌టాప్ తెరిచింది. అయిదూ యాభై ఎనిమిది.

టైమ్‌టేబులమ్మ లేచి, కీపర్ల నడవాలోకి తెరుచుకునే వెనక తలుపు దాకా వెళ్ళి వచ్చింది. తలుపు కింద జానెడున్నర సందు. అలుగు గది గుమ్మం నుంచి పుట్టకి పదిహేను అడుగులు.

"ఈ పుట్టకి పూసిందేమిటి? మామూలు ప్లాస్టరేనా?"

"పుట్టమన్నండీ. పాడుబడిన పుట్టలోది నాన్న మోసుకొచ్చి పెట్టారు. ప్లాస్టరుకి వాసన ఉండదు. పిల్లలకి వాసన కూడా తెలియాలని."

"పిల్లలకేనా తెలిసింది?"

ఆమె వంగి చెవి గొట్టానికి చెవి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత పక్కకి జరిగి అమ్మాయిని రమ్మని సైగ చేసింది. అమ్మాయి విన్నది. లోపల ఎక్కడో, మన్ను మీద గోరు ఒకసారి గీరిన చప్పుడు. ఆగి, బరువుగా ఒక ఊపిరి.

ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీ పుట్టని నిజం పుట్టనుకుంది," అంది టైమ్‌టేబులమ్మ గొంతు తగ్గించి. "ఇంతకంటే పెద్ద పరీక్షాధికారి నీకు దొరకడు. పడుకోనీ."

"నాన్నకి చెప్పేస్తానండీ."

"అలుగు దొరికిందంటే ఏమంటారు? కీపరు గడియ వెయ్యడం మరిచాడు, తప్పు కీపరుదే. అంతటితో ఫైలు మూస్తారు. గడియ తీసిన వాడికి చీమ కుట్టినట్టైనా ఉండదు. ఆ చేతికి అలుగు చిక్కలేదని ఆ చేతికింకా తెలియదు. ఆ పెద్దమనిషి సంచిలో ఉన్నది నీ బొమ్మ." గడియారం చూసుకుంది. తొమ్మిదీ ఆరు. "తలుపు కింద సందుకి చెక్క అడ్డం పెట్టి, ఇక్కడే కూర్చో. ఎవర్నీ రానివ్వకు."

---

హాలు బయట ఆకులు ఊడుస్తున్న ముసలామెని అందరూ చీపురవ్వ అంటారు. టైమ్‌టేబులమ్మ పక్కన నిలబడగానే అవ్వ తనే అందుకుంది.

"నువ్వైనా వింటావా తల్లీ? పొద్దున ఆఫీసు షెడ్డు కాడ పసిపిల్ల గొంతు విన్నాను. షెడ్డులో పురుగు లేదు. ఆ పోలీసాయనకి చెప్తే, అవ్వా నీ చెవులకి రిటైర్మెంటు ఇచ్చెయ్ అన్నాడు."

"ఏమంది పిల్ల?"

"'తీరింది' అంది. ఏం తీరిందో పైమాట వినపళ్ళేదు. నా ఓపిక తీరిందేమో."

"ఎన్నింటికి?"

"ఆరింటికి నీళ్ళ మోటారు వేస్తారు కదా. అది మొదలయ్యాక రెండు చీపుర్ల మేర ఊడ్చా. అప్పుడు."

రెండు మూడు నిమిషాలు. ఆరూ రెండు నుంచి ఏడు తీసేస్తే అయిదూ యాభై అయిదు. సంచి కదలకుండా నిలిచిన వేళ అది. అలుగు పుట్టలోకి పాకిన వేళకి మూడు నిమిషాల ముందు.

"అప్పటికి షెడ్డులో ఏ బళ్ళున్నాయవ్వా?"

"రెండే. మేత వ్యాను, సూపరింటెండెంటయ్య కారు. రోజూ తొమ్మిదికొచ్చే బాబు ఇయ్యాల చుక్క ఉండగానే దిగాడు, ప్రారంభం పనులని."

---

"వెతికేశామని చెప్పాను కదా మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్ షెడ్డు ముందు.

"వెతకమనలేదండీ. జరపమన్నాను. ఆ రెండు బళ్ళూ చెట్టు కిందికి తెప్పించండి. షెడ్డు నేల మీద టైర్ల గుర్తులు చూడాలి."

మేత వ్యానును డ్రైవరు జరిపాడు. కారు తాళంచెవి డ్రైవరుకి ఇవ్వకుండా సూపరింటెండెంట్ తానే నడిపి తెచ్చి పెట్టాడు. దిగి, డిక్కీకి ఆనుకుని నిలబడ్డాడు. తొమ్మిదీ ఇరవై ఆరు.

ఆమె షెడ్డు నేల మీద వంగి ఏవో కొలిచింది. చూడాల్సింది అక్కడ ఏమీ లేదు. కొలుస్తున్నది చేతి గడియారాన్ని.

తొమ్మిదీ ముప్పై మూడు. ముప్పై నాలుగు. ఆకు రాలిన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అయిందా కొలత?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పది అడుగుల నేలలో పావుగంట చదువు. మేం చదువుకున్న స్కూల్లో ఇన్ని సబ్జెక్టులు లేవు." కానిస్టేబులు వైపు తిరిగి, "కీపర్ని తీసుకురా. పదిదాకా ఎందుకు?"

టైమ్‌టేబులమ్మ లెక్క తప్పిందా అని మొదటిసారి సందేహించింది. వ్యాను ఏడు నిమిషాలు కదలకుండా నిలిచింది, పలకలేదు. అంటే వ్యానులో లేదు. కారు? ఆమె కారు వైపు చూసింది. సూపరింటెండెంట్ కుడిచేతి వేళ్ళు డిక్కీ రేకు మీద టకటక వాయిస్తున్నాయి. ఆగుతున్నాయి, మళ్ళీ వాయిస్తున్నాయి.

కారు నిలిచింది గానీ, మనిషి నిలవలేదు.

ఆమె ఆఫీసులోకి వెళ్ళి తనే కుర్చీ మోసుకొచ్చింది. కారుకి నాలుగు బారల దూరంలో వేసింది.

"సార్, పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నారు. కూర్చోండి. వయసుకి గౌరవం ఇవ్వకపోతే మా అమ్మ ఊరుకోదు."

"ఫరవాలేదు."

"కూర్చోండి సార్," అన్నాడు ఇన్‌స్పెక్టర్ కూడా, మర్యాదకి. ఇక తప్పలేదు. తొమ్మిదీ ముప్పై ఎనిమిది.

"ఒక్క సందేహం సార్. ఆ అమ్మాయి బొమ్మకి ఏడు నిమిషాలు పెడితే మీరు ఏడు సెకన్లన్నారట. ఎందుకు?"

"జనం ఆగరమ్మా. క్యూ పెరిగిపోతుంది. పరిపాలన తెలియని పిల్ల."

"ఒక ప్రాణి భయం పోవడానికి ఎంతసేపు పడుతుందో మీరెప్పుడైనా చూశారా?"

"నాకు ఫైళ్ళతోనే సరిపోతుంది."

"చూడలేదన్నమాట. నేనూ చూడలేదు లెండి. రైలు ఒక నిమిషం ఆలస్యమైతే గింజుకునేదాన్ని. ఎదుటి మనిషి నోరు విప్పడానికీ వేళ పడుతుందని ఈ పనిలోకి వచ్చాకే తెలిసింది."

కానిస్టేబులు కీపర్ని తెచ్చాడు. జీపు వెనక నిలబెట్టాడు. కీపరు హాలు వైపు చూస్తున్నాడు, కూతురు కనిపిస్తుందేమోనని. తొమ్మిదీ నలభై రెండు.

"మేడమ్," ఇన్‌స్పెక్టర్ గొంతు మారింది, "మీరు దేనికోసమో కాలయాపన చేస్తున్నారు. దేనికి?"

"మూడు నిమిషాలకి."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఈయన్ని జీపెక్కించండి. నేను ఒక్క మాట అనను. ఆఫీసు మూసుకుని పోతాను."

ఇన్‌స్పెక్టర్ ఆమెని తేరిపార చూశాడు. జీపు బానెట్టుకి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. ఎందుకో తను కూడా గడియారం చూసుకున్నాడు.

సూపరింటెండెంట్ లేవబోయాడు. "నాకు ఫోన్ చేసే పనుంది."

"కూర్చోండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఈసారి 'సార్' లేదు.

ఎవరూ కదల్లేదు. నలభై నాలుగు. చీపురవ్వ దూరంగా ఊడ్చడం ఆపి చూస్తోంది.

నలభై అయిదుకి, కారు డిక్కీలోంచి, మూటలో మాట్లాడినట్టు, ఒక పసిపిల్ల గొంతు వచ్చింది.

"అలక తీరింది. ఇప్పుడు మెల్లగా చూడండి."

కీపరు ఉలిక్కిపడి ముందుకి అడుగు వేశాడు. "బుజ్జీ? నువ్వెప్పుడొచ్చావే?"

అవ్వ చీపురు నేలకి ఆనించింది. "చెవులకి రిటైర్మెంటు ఇవ్వమన్నది ఎవరయ్యా?"

ఇన్‌స్పెక్టర్ చెయ్యి చాపాడు. సూపరింటెండెంట్ తాళంచెవి ఇచ్చాడు. డిక్కీలో స్టెప్నీ మీద ఒక గోనెసంచి. మూతి మీద ఎర్ర లక్క ముద్ర, పక్కన ఎర్ర రంగు అక్షరాలు: 'అంటురోగం. విప్పరాదు.' ఇన్‌స్పెక్టర్ కత్తితో తాడు కోశాడు. లోపల రబ్బరు పొట్ట, అద్దిన పొలుసులు, సగం విప్పుకున్న బొమ్మ. అతని వేలు తగలగానే అది బుస్సుమని మళ్ళీ చుట్టుకుపోయింది.

"అసలుది పుట్టలో నిద్రపోతోంది," అంది టైమ్‌టేబులమ్మ కీపరుతో. "మీ అమ్మాయి కాపలా ఉంది."

కీపరు మొహం వెలగాల్సింది. వెలగలేదు. సంచినే చూస్తున్నాడు.

"ఇట్లాంటి సంచి నాకు తెలుసమ్మా," అన్నాడు నెమ్మదిగా. "ఇదే ముద్ర. ఇవే అక్షరాలు. మనకి మొదట్లో మూడు అలుగులుండేవి. పోయినేడు ఒకటి, నాలుగు నెలల కింద ఒకటి, జబ్బు చేసి చచ్చిపోయాయన్నారు. డాక్టరు సంతకం అయింది, అంటురోగం, విప్పకుండా పూడ్చెయ్ అని సంచి నా చేతికిచ్చారు. నేను వాటికి దణ్ణం పెట్టుకుని పూడ్చాను. లోపల అలుగే ఉందో, రాళ్ళే ఉన్నాయో ఒక్కసారైనా విప్పి చూడలేదు. రూలు కదా."

సూపరింటెండెంట్ కుర్చీలో ముడుచుకుని కూర్చున్నాడు, గడ్డం ఛాతీకి ఆనించుకుని.

"ఎక్కడ పూడ్చావు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"చెరువు గట్టు వారన. అలుగు దగ్గర, నిన్న సిమెంటు పోసిన చోటే."

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి ఆ కాగితం తీశాడు. మళ్ళీ చదివాడు. ఈసారి పెదవులు కదిలించి, అక్షరం అక్షరం. బీటలున్నాయని తొందరపెట్టి సిమెంటు పోయించింది ఎవరో అతనికీ గుర్తొచ్చినట్టుంది.

"నిన్న సాయంత్రం పోశారు కదూ," అంది టైమ్‌టేబులమ్మ నోట్‌బుక్కు మూస్తూ. "మీ బావమరిదిని అడగండి, పూర్తిగా గట్టిపడడానికి ఇంకా ఎన్ని గంటలుందో. పలుగు తెమ్మనండి. ఆ సందేశంలో ఒక్క మాటే తప్పు, ఇన్‌స్పెక్టర్ గారూ."

"ఏది?"

"అలుగు పని ఇంకా అయిపోలేదు."